లింఫోసైట్లు 15 శాతం అంటే, దేంట్లో 15 శాతం?

సంపాదకులు గారికి నమస్కారం,

నేను తెనాలిలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, చేసినప్పట్నుంచి ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, పొద్దున్నే ఏడింటికి షట్టర్ తీసి కూర్చుంటే షుగర్ వాళ్ళు, థైరాయిడ్ వాళ్ళు, జ్వరాల వాళ్ళు వరసగా వస్తానే ఉంటారు. పేపరుకి ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి, పొరపాట్లుంటే సర్దుకుని వేసుకోండి, కానీ అంకెలు మాత్రం మార్చొద్దు సార్, ఈ ఉత్తరం రాస్తుందే ఆ అంకెల కోసం.

పోయిన వారం ఒకావిడ మా ల్యాబ్‌కి ఏడుస్తా వచ్చింది. చేతిలో వేరే ల్యాబ్‌లో తీయించిన సీబీపీ (రక్తంలో కణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు, ఇంకో చేతిలో ఫోను. వాళ్ళాయనకి మూడ్రోజుల నుంచి దగ్గు, జ్వరం, ఒళ్ళు నొప్పులు. వాట్సాప్‌లో ఎవరో పంపారంట, రిపోర్టులో న్యూట్రోఫిల్స్ అంకెని లింఫోసైట్స్ అంకెతో (రెండూ తెల్ల కణాల్లో రకాలే) భాగించండి, 3 దాటిందంటే జబ్బు ముదిరిపోతుంది వెంటనే ఐసీయూ ఉన్న ఆస్పత్రికి పరిగెత్తండి అని. ఈవిడ భాగించింది. 72 బై 20, అంటే 3.6 వచ్చింది. "అమ్మా మా ఆయన బతుకుతాడా" అని అడుగుతుంది నన్ను. ఆయనేడి అంటే బయట స్కూటర్ మీద కూర్చుని పల్లీలు తింటన్నాడు. నేను బయటికెళ్ళి చూశా, మాట్లాడుతుంటే ఆయాసం లేదు, పల్లీ పొట్టు ఊదుకుంటా "ఏమైందమ్మా ఇంకా ఎంతసేపు" అన్నాడు.

ఆ రిపోర్టులో మొత్తం తెల్ల కణాలు 9,800. అందులో 20 శాతం లింఫోసైట్లు, అంటే 1,960. పెద్దవాళ్ళకి సుమారుగా వెయ్యి నుంచి నాలుగు వేల మధ్య ఉంటే చాలు. ఆయనకి శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట చెప్పి, ఆయాసం వచ్చినా జ్వరం తగ్గకపోయినా డాక్టరు దగ్గరికెళ్ళండని చెప్పి పంపించా. ఆవిడ నమ్మిందో లేదో తెలీదు, ఎందుకంటే వాట్సాప్‌లో ఇంత పెద్ద అక్షరాలతో వచ్చింది కదా, నేను చెప్పింది ఉత్త నోటి మాట.

ఇలాంటి ఫార్ములాలు పేపర్లలో హెల్త్ పేజీల్లో కూడా ఈ మధ్య చిన్న బాక్సులు కట్టి వేస్తున్నారు. అందుకే రాస్తున్నా. ఆ ఫార్ములా అబద్ధం అని చెప్పడానికి కాదు సార్, అది నిజమే. నిజమే కాబట్టి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి అంటున్నా.

ముందు నిజమెంతో చెప్తా. ఊపిరితిత్తులకి వచ్చే వైరస్ జబ్బుల్లో లింఫోసైట్లు పడిపోవడం కొత్తగా కనిపెట్టిందేం కాదు. 2003లో హాంకాంగ్‌లో సార్స్ వచ్చినప్పుడు అక్కడి డాక్టర్లు 157 మంది రక్తం రిపోర్టులు తిరగేస్తే అందులో 153 మందికి జబ్బు నడుస్తున్న రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు లింఫోసైట్లు తగ్గినాయి. 2020 జనవరిలో వూహాన్ నుంచి మొదటి 41 మంది కోవిడ్ పేషెంట్ల వివరాలు బయటికొస్తే వాళ్ళలో 26 మందికి అదే కథ. ఆ తర్వాత నెలలో చైనా మొత్తం మీద 1,099 మంది లెక్కలొచ్చినాయి, ఆస్పత్రిలో చేరే రోజుకే నూటికి 83 మందికి లింఫోసైట్లు తక్కువున్నాయి. స్వైన్ ఫ్లూ, మామూలు ఫ్లూ గట్టిగా పట్టుకున్నప్పుడు కూడా ఇది కనిపిస్తుంది. న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో భాగించడం కూడా కోవిడ్‌తో పుట్టింది కాదు, 2001లోనే స్లొవేకియాలో ఒక డాక్టరు ఐసీయూ పేషెంట్ల ఒంట్లో ఒత్తిడి ఎంతుందో చూడటానికి ఇది త్వరగా తేలే తేలికైన లెక్క అని చెప్పాడు.

ఎందుకు పడతాయి అంటే, నాకు మా డాక్టరుగారు చెప్పిన పద్ధతిలో చెప్తా. లింఫోసైట్లు వైరస్‌తో కొట్లాడే కణాలు. జబ్బు గట్టిగా ఉన్నప్పుడు కొన్ని రక్తం వదిలేసి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కొన్ని ఆ వాపులో పుట్టే రసాయనాల దెబ్బకి చచ్చిపోతాయి, కొత్తవి అంత తొందరగా తయారుకావు. అదే టైముకి ఒళ్ళంతా ఎమర్జెన్సీ మోగి న్యూట్రోఫిల్స్ గుంపులు గుంపులుగా రోడ్డు మీదికొస్తాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండింటినీ భాగిస్తే తేడా పెద్దగా కనపడుతుంది, అదే ఆ రేషియో గొప్పతనం. ఆరోగ్యంగా ఉన్న మనిషికి 1 నుంచి 3 మధ్య ఉంటుంది, కోవిడ్ రోజుల్లో 3, మూడున్నర దాటితే కన్నేసి ఉంచండి అనేవాళ్ళు. కన్నేసి ఉంచండి అన్నారు సార్, పరిగెత్తండి అన్లేదు.

ఇప్పుడు శాతం సంగతి. మన రిపోర్టుల్లో పైన టోటల్ కౌంట్ ఉంటుంది, కింద డిఫరెన్షియల్ అని శాతాలు ఉంటాయి. పాత డాక్టర్లు ఇప్పటికీ చీటీ మీద "టీసీ, డీసీ, ఈఎస్ఆర్" అనే రాస్తారు. టీసీ టోటల్, డీసీ శాతాలు. జనం చూసేది డీసీ. అందులో ఎర్రగానో బోల్డ్‌లోనో ఎల్ అని, అంటే తక్కువ అని, ఉంటే గుండె జారిపోద్ది. కానీ శాతం అనేది ఒంటరిగా దేనికీ పనికిరాదు, దేంట్లో శాతమో తెలియాలి. ఇంట్లో నలుగురుంటే ఒకరు మీ తాతయ్య, 25 శాతం. పెళ్ళికి చుట్టాలు వచ్చి నలభై మంది అయితే అదే తాతయ్య రెండున్నర శాతం. తాతయ్య ఎక్కడికీ పోలేదు, మంచం మీదే ఉన్నాడు, చుట్టాలు ఎక్కువయ్యారంతే. న్యూట్రోఫిల్స్ పెరిగినప్పుడు లింఫోసైట్ల శాతం అలాగే తగ్గుతుంది. నిజంగా లింఫోసైట్లు తగ్గినాయా లేదా తెలియాలంటే టోటల్‌ని శాతంతో గుణించాలి. దాన్ని ఆబ్సొల్యూట్ కౌంట్ అంటారు. పెద్ద ల్యాబుల్లో మిషనే వేసిస్తుంది, మాలాంటి చిన్న చోట్ల చాలా రిపోర్టుల్లో ఆ లైనే ఉండదు.

దీని విలువ నాకు పుస్తకంలో తెలిసింది కాదు, మా ఇంట్లోనే తెలిసింది.

2021 మే నెల. ఆ రోజులు ఎవరూ మర్చిపోరు. మా పెదనాన్నకి 61 ఏళ్ళు, బీపీ ఉంది, షుగర్ లేదు. పాజిటివ్ వచ్చి ఐదో రోజు. ఆక్సిజన్ 95, 96 చూపిస్తుంది, జ్వరం వందలోపే, ఇడ్లీలు రెండు తిన్నాడు. మా అన్నయ్య పీపీఈ కిట్టు లేక రెయిన్‌కోటు వేసుకుని శాంపిల్ తెచ్చిచ్చాడు. నేనే మిషన్లో పెట్టా. టోటల్ 5,200. మా అన్నయ్య ఫోన్లో అడిగాడు, నేను 5,200 అన్నా, "నాలుగు వేల నుంచి పదకొండు వేలు నార్మల్ కదా, హమ్మయ్య" అని ఫోన్ పెట్టేశాడు. నేను కూడా హమ్మయ్య అనేసుకుని పక్క శాంపిల్ తీసుకున్నా, ఆ రోజు నా ముందు ఇంకా ఎనభై ట్యూబులున్నాయి. రాత్రి రిపోర్టులు టైపు చేస్తుంటే చూశా. న్యూట్రోఫిల్స్ 78, లింఫోసైట్స్ 15. 5,200లో 15 శాతం అంటే 780. ఎసినోఫిల్స్, అవీ తెల్ల కణాల్లో ఒక రకమే, సున్నా. రేషియో 5.2. టోటల్ నార్మల్‌గా ఉండటం అక్కడ మంచి సూచన కాదు, లోపల ఒకటి పడిపోయి ఇంకోటి లేచి రెండూ కలిసి నార్మల్ అంకె చూపిస్తన్నాయి అంతే. రాత్రి పదకొండింటికి మా డాక్టరుగారికి ఫోన్ చేశా. ఆయన ఒక్కటే అడిగాడు, "నడిపించారా?" అని. నడిపించలేదు. గదిలోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్ళీ ఆక్సిమీటర్ పెడితే 91కి వచ్చింది. పొద్దున్నే కూర్చున్నప్పుడే 92. ఆ రోజు మధ్యాహ్నానికి బెడ్ దొరికింది, ఎలా దొరికిందో అదొక భారతం, ఇక్కడ అక్కర్లేదు. పదకొండు రోజులున్నాడు, ఆక్సిజన్ మీద, వెంటిలేటర్ దాకా పోలేదు. ఇప్పుడు బానే ఉన్నాడు, నన్ను చూసినప్పుడల్లా "నా రక్తం లెక్కలు రాసే గుమస్తా" అంటాడు.

ఇక్కడ చూడండి, 780 అనే అంకె ఆయన్ని కాపాడలేదు. ఆ అంకె చూసి ఇంకో ప్రశ్న అడగాలనిపించింది, నడిపించారా అని. కాపాడింది ఆ ప్రశ్న. ఆ రాత్రి నేను టైపు చేయకుండా పడుకుని ఉంటే అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది, సర్లెండి.

అదే వారంలో రెండో కథ. మా వీధి చివర కుర్రాడు, 24 ఏళ్ళు, జిమ్‌కి పోయే మనిషి. వాడి రిపోర్టులో న్యూట్రోఫిల్స్ 84, లింఫోసైట్స్ 13. భాగిస్తే ఆరున్నర దగ్గర! మా పెదనాన్న కంటే ఎక్కువ. వాళ్ళమ్మ కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. టోటల్ చూస్తే 13,500. అంటే లింఫోసైట్లు 1,755, తగ్గలేదు. మరి న్యూట్రోఫిల్స్ ఎందుకు అంత? "ఏమన్నా మందులు వాడావా" అంటే ముందు లేదన్నాడు, తర్వాత చిన్నగా చెప్పాడు, మెడికల్ షాపులో అడిగి రెండో రోజు నుంచే స్టెరాయిడ్ బిళ్ళలు వేసుకుంటున్నాడంట. స్టెరాయిడ్ పడితే రక్తనాళాల గోడలకి అంటుకుని ఉండే న్యూట్రోఫిల్స్ అన్నీ ఊడి మధ్యలోకి వచ్చేస్తాయి, లింఫోసైట్లు కాస్త రక్తంలోంచి తప్పుకుంటాయి. రేషియో దానంతటదే పెరుగుద్ది. జబ్బు ఎంతుందో ఆ అంకె చెప్పట్లేదు, వాడేసుకున్న బిళ్ళ సంగతి చెప్తుంది.

పైగా వాడికి అవి అక్కర్లేని బిళ్ళలు. 2020 జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అని పెద్ద ట్రయల్ ఫలితాలొచ్చినాయి, డెక్సామెథాసోన్ రోజుకి 6 మిల్లీగ్రాములు పది రోజుల దాకా ఇస్తే వెంటిలేటర్ మీదున్న వాళ్ళలో చావులు మూడో వంతు తగ్గినాయి, ఆక్సిజన్ మీదున్న వాళ్ళలో ఐదో వంతు, ఆక్సిజన్ అవసరం లేని వాళ్ళకి మాత్రం ఏ లాభమూ కనపళ్ళేదు. ఆ చివరి ముక్క మనవాళ్ళ చెవికెక్కలేదు. రిపోర్టులో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) కాస్త పెరిగినా, రేషియో 3 దాటినా స్టెరాయిడ్ మొదలెట్టేసిన వాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు. తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి కన్ను పోగొట్టుకున్న వాళ్ళూ మా ల్యాబ్ మెట్లెక్కారు, షుగర్ చూపించుకోడానికి. అంకె తప్పు కాదు అది, అంకెకి వెంటనే మందు వేయాలనుకున్న తొందర తప్పు.

ఇంక మా వంటింటి గుట్టు కూడా చెప్తా, మా వాళ్ళకి కోపం వచ్చినా సరే. రిపోర్టులో ప్రింటైన అంకె దేవుడి మాట కాదు. చిన్న ల్యాబుల్లో ఉండేవి ఎక్కువగా త్రీ పార్ట్ మిషన్లు. సన్నటి రంధ్రంలోంచి కణాన్ని పంపి కరెంటుకి ఎంత అడ్డం వచ్చిందో చూసి సైజు లెక్కేస్తాయి, అమెరికాలో కోల్టర్ అనే ఆయనకి 1953లో పేటెంట్ వచ్చిన పద్ధతి అది, ఇప్పటికీ నడుస్తుంది. దానికి సైజే తెలుసు, మొహం తెలీదు. చిన్నవి లింఫోసైట్లు, పెద్దవి గ్రాన్యులోసైట్లు, అంటే న్యూట్రోఫిల్స్ లాంటివి, మధ్యవి "మిడ్" అని ఒక గంపలో వేస్తుంది. వైరస్ జబ్బుల్లో లింఫోసైట్లు రెచ్చిపోయి సైజు పెరుగుతాయి, అలాంటి రియాక్టివ్ కణాలు ఆ మిడ్ గంపలోకి జారిపోవచ్చు. అప్పుడు లింఫోసైట్లు తగ్గినట్టు రిపోర్టు వస్తుంది. అందుకే మిషన్ అనుమానం గుర్తు (ఫ్లాగ్) వేస్తే, రక్తం చుక్కని గాజు పలక (స్లైడు) మీద పరిచి మైక్రోస్కోపులో చూడాలి.

స్లైడు చూసినా తిప్పలే. లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి, వంద కణాలు లెక్కపెడతాం. పక్కన డీసీ కౌంటర్ ఉంటుంది, ఒక్కో కణానికి ఒక్కో మీట, టక్ టక్ అని కొట్టుకుంటా పోవడం, వంద కాగానే గంట మోగుద్ది. నా వేళ్ళకి నిద్రలో కూడా ఆ మీటలు అలవాటే. వందలో 15 లింఫోసైట్లు వచ్చినాయి అనుకోండి. వంద కణాలే లెక్కపెట్టాం కాబట్టి అసలు నిజం 9 నుంచి 23 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, ఇది నా అసమర్థత కాదు, లెక్కల శాస్త్రమే అంత. అదే స్లైడు ఇంకో టెక్నీషియన్ చూస్తే 19 అనొచ్చు, ఇద్దరూ కరెక్టే. మరి నిన్న 19, ఇవాళ 15 అని ఇంట్లో ఏడుపులు ఎందుకు? మిషన్ వేల కణాల్ని లెక్కపెడుతుంది కాబట్టి దాని ఊగిసలాట తక్కువ, కానీ పైన చెప్పినట్టు దానికి మొహాలు తెలీవు. రెండూ కలిపి చూసుకోవాలి.

శాంపిల్ సంగతి కూడా ఉంది. ఊదారంగు మూత ట్యూబులో రక్తం పోయగానే ఏడెనిమిది సార్లు మెల్లగా తిప్పాలి, తిప్పకపోతే లోపల చిన్న గడ్డ కడుతుంది, గడ్డలో కణాలు ఇరుక్కుంటాయి, అంకెలు పడిపోతాయి. పల్లెల నుంచి కలెక్షన్ కుర్రాడు రోహిణి కార్తె ఎండలో బండి డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నం రెండింటికి తెచ్చిన శాంపిలూ, మా ముందే కూర్చుని ఇచ్చిన శాంపిలూ ఒకటి కాదు. ఎన్నింటికి తీశారో రిపోర్టు మీద ఉండదు, ప్రింట్ ఎన్నింటికి అయిందో ఉంటుంది. ఈ ఒక్క లైను కోసం మా ఓనరుతో ఎన్నాళ్ళ నుంచో పోరాడుతున్నా.

ప్లేట్‌లెట్లతో మనవాళ్ళు ఇంతకుముందే ఒకసారి కాలు కాల్చుకున్నారు. డెంగ్యూ సీజన్ వస్తే ఆటో డ్రైవర్ కూడా "ఎన్ని వేలు?" అంటాడు, జబ్బు పేరు అడగడు. ప్లేట్‌లెట్లు 80 వేలకి పడ్డాయని బొప్పాయి ఆకు రసం, కివీ పళ్ళు, బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరుగుడు. కొంతమందికైతే ఆ ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉండే మందు పడక ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టి మిషన్‌కి కనపడవు, నీలం మూత ట్యూబులో మళ్ళీ తీస్తే లక్షా ఎనభై వేలు ఉంటాయి. రక్తస్రావం లేని పేషెంటుకి పది వేల లోపుకి పడితే తప్ప ఎక్కించే పని పెద్దగా ఉండదని డాక్టర్లు మొత్తుకుంటానే ఉన్నారు. డెంగ్యూలో అసలు భయపడాల్సింది ప్లేట్‌లెట్లు గబగబా పడుతూ హెమటోక్రిట్ పెరుగుతుంటే, అంటే రక్తం చిక్కబడుతుంటే. ఆ రెండో అంకె అదే కాగితం మీద, నాలుగు లైన్ల పైన ఉంటుంది, ఎవడూ చూడడు. అదే తప్పు ఇప్పుడు లింఫోసైట్లతో మొదలైంది, అందుకే నా బాధ.

ఇంకోటి చెప్పాలి, బయటి దేశం కటాఫ్‌ని తెచ్చి ఇక్కడ అంటించడం. బోస్టన్‌లో 2020లో నాలుగు ఆస్పత్రుల్లో 1,641 మంది కోవిడ్ పేషెంట్లని చూశారు. సీబీపీలోనే ఆర్‌డీడబ్ల్యూ అని ఉంటుంది, ఎర్ర కణాలు అన్నీ ఒకే సైజులో ఉన్నాయా లేక చిన్నా పెద్దా కలిసున్నాయా చెప్పే అంకె. చేరే రోజుకి అది 14.5 దాటిన వాళ్ళలో నూటికి 31 మంది పోయారు, దాటని వాళ్ళలో 11 మంది. చదివితే భయమేస్తుంది. కానీ మన దగ్గర రక్తహీనత ఉన్న ఆడవాళ్ళలో ఐరన్ లేక ఆర్‌డీడబ్ల్యూ 15, 16, 17 ఉండటం నేను రోజూ చూస్తా. 2019-21 ఫ్యామిలీ హెల్త్ సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దేశం మొత్తం మీద 57 శాతం మందికి రక్తహీనత. ఆ బోస్టన్ గీత ఇక్కడ గీస్తే పొలం పనికి పోయే ఆడవాళ్ళలో ఎంతమంది జలుబొస్తే ఐసీయూ జాబితాలో ఉంటారో మీరే ఊహించుకోండి. పాపం వాళ్ళకి కావాల్సింది ఐరన్ బిళ్ళలు.

గర్భిణులకి న్యూట్రోఫిల్స్ మామూలుగానే ఎక్కువుంటాయి, రేషియో దానంతటదే పెరిగి ఉంటుంది. చిన్నపిల్లలది ఇంకా తిరగబడి ఉంటుంది. రెండేళ్ళ పిల్లాడికి లింఫోసైట్లే సగానికి పైగా ఉంటాయి, అది వాళ్ళ వయసు. కానీ రిపోర్టు పక్కన ప్రింటయ్యేది పెద్దవాళ్ళ రేంజి, 20 నుంచి 40. పిల్లాడికి 58 రాగానే హెచ్, అంటే ఎక్కువ, అని పడుతుంది, తల్లి ముఖం తెల్లబోతుంది. వానాకాలం చలికాలం పిల్లలకి దగ్గులు మొదలైతే మా ల్యాబ్‌లో రోజుకి ఇద్దరు ముగ్గురు తల్లులకి ఈ సంగతి చెప్పడమే పని. పెద్దవాళ్ళ లెక్కతో పిల్లాడి రేషియో వేసి "1 లోపే ఉంది, డేంజర్ లేదు" అనుకోవడం ఇంకా ప్రమాదం, ఆ పిల్లాడు డొక్కలు ఎగరేస్తుంటే రేషియో ఎంతైతే ఏంటి.

ఆ డొక్కల దగ్గరికే వస్తున్నా. బ్రిటన్‌లో కోవిడ్‌కి 4సీ అని ఒక స్కోరు తయారుచేశారు, 35 వేల మందికి పైగా పేషెంట్ల లెక్కలు పెట్టుకుని. ఎవరు చనిపోయే ప్రమాదం ఎక్కువో చెప్పడానికి చివరికి ఎనిమిది విషయాలు మిగిలినాయి. వయసు, ఆడా మగా, వేరే జబ్బులు ఎన్ని, నిమిషానికి ఊపిరి ఎన్ని సార్లు, ఆక్సిజన్ ఎంత, తెలివిలో ఉన్నాడా, రక్తంలో యూరియా, సీఆర్‌పీ. లింఫోసైట్లు అందులో లేవు. ఆస్పత్రిలో ఉండగా పరిస్థితి దిగజారుతుందా అని చెప్పే వాళ్ళదే ఇంకో స్కోరులో లింఫోసైట్లు ఉన్నాయి, కానీ అక్కడ కూడా పదకొండు మందిలో ఒకరు. అంటే రక్తం లెక్కకి విలువ ఉంది, కుర్చీ ఉంది, కానీ అది అధ్యక్షుడి కుర్చీ కాదు. కోవిడ్ టైములో ఇలాంటి స్కోర్లు ప్రపంచమంతా వందల్లో పుట్టుకొచ్చినాయి, వాటిల్లో 232 పరీక్షించిన నిపుణులు దాదాపు అన్నిటికీ తప్పుదారి పట్టించే ప్రమాదం ఎక్కువ, వాడే ముందు ఆలోచించండి అని తేల్చారు.

ఎనిమిదిట్లో ఊపిరి లెక్క ఉంది చూడండి, దానికి ల్యాబ్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు, గోడ గడియారం చాలు. పడుకున్న మనిషి పొట్ట మీద కన్నేసి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టడం, వాళ్ళకి చెప్పకుండా, చెప్తే ఊపిరి మారిపోద్ది. పెద్దవాళ్ళకి 24, ఆ పైన ఉంటే కోవిడ్‌లో మన కేంద్ర ప్రభుత్వం గైడ్‌లైన్స్ ప్రకారం అది మామూలు జబ్బు కాదు, కనీసం మధ్యరకం. ఆక్సిజన్ 90 నుంచి 93 అయినా అంతే. ఆక్సిమీటర్ పెట్టేటప్పుడు నెయిల్ పాలిష్ తీసేయండి, వేలు చల్లగా ఉంటే రుద్దండి, ముదురు రంగు చర్మానికి అది ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించే అలవాటు ఉందని కూడా గుర్తుపెట్టుకోండి, ఇది అమెరికాలో తేలిన విషయమే అయినా మన రంగులకి బాగా పనికొస్తుంది.

మీకు నా విన్నపాలు రెండే. ఒకటి, ఈసారి ఫ్లూ సీజన్లో ఇలాంటి ఐటెం వేసేటప్పుడు రేషియోతో పాటు ఆబ్సొల్యూట్ కౌంట్ ఎలా లెక్కేసుకోవాలో కూడా ఒక లైను వేయండి, స్టెరాయిడ్ వాడుతున్న వాళ్ళకీ గర్భిణులకీ చిన్నపిల్లలకీ ఈ లెక్క ఇలాగే వర్తించదని వేయండి. ఒక్క రిపోర్టు ఫోటో లాంటిది, రెండు మూడు రోజుల తేడాతో తీసిన రెండు రిపోర్టులు అదే ల్యాబ్‌లో ఐతే అప్పుడు కథ తెలుస్తుంది, లింఫోసైట్లు లేస్తున్నాయా, సున్నాకి పడిన ఎసినోఫిల్స్ తిరిగొస్తున్నాయా అని. మా పెదనాన్నకి ఆస్పత్రిలో ఎనిమిదో రోజు ఎసినోఫిల్స్ 1 అని వచ్చినప్పుడు నేను మిషన్ ముందు నిలబడి నవ్వుకున్నా, పక్కన వాళ్ళకి పిచ్చిదాన్లా కనపడి ఉంటా. అలాగని రోజుకోసారి రక్తం తీయించుకోమని కాదు, దగ్గు జలుబు మామూలుగా ఉన్న కుర్రాళ్ళకి అసలు సీబీపీయే అక్కర్లేదు, ఈ మాట రాస్తే మా ఓనరు ఊరుకోడు కానీ నిజం.

రెండోది ల్యాబుల వాళ్ళకి. రిపోర్టు మీద శాంపిల్ తీసిన టైము, ఆబ్సొల్యూట్ కౌంట్లు, పిల్లలకి పిల్లల రేంజి వేయడానికి ఖర్చేం లేదు, సాఫ్ట్‌వేర్ వాడికి ఒక ఫోన్ కాల్. మా దగ్గర ఆ ఫోన్ కాల్ ఇంకా అవ్వలేదు కాబట్టి పోయిన సోమవారం నుంచి నేనే ప్రతి సీబీపీ కింద బాల్ పెన్నుతో "లింఫోసైట్లు మొత్తం ఇన్ని, శాంపిల్ తీసింది ఇన్నింటికి" అని రాసిస్తున్నా. నిన్న ఒక పెద్దాయన ఆ లైను మీద వేలు పెట్టి చూపించి, కళ్ళజోడు పైకి నెట్టుకుని అడిగాడు, "ఈ చేత్తో రాసిందానికి ఎక్స్‌ట్రా ఎంతమ్మా?"

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
తెనాలి.